ఆ గంట వార్డు ఎవరు చూస్తారు?

అర్ధరాత్రి రెండు గంటలకు మన మనిషిని స్ట్రెచర్ మీద పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్తే, ముందుగా వచ్చి నాడి పట్టుకునేది ఎవరు? ఎంబీబీఎస్ పూర్తి చేసి, నీట్ పీజీ రాసి, ఎండీయో ఎంఎస్సో చదువుతున్న యువ డాక్టరు. పేపర్లలో వీళ్లను జూడాలని రాస్తారు. ఆసుపత్రిలో పీజీలంటారు. ప్రభుత్వ కాగితాల్లో రెసిడెంట్ డాక్టర్లు. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, వరంగల్ ఎంజీఎం, ఏ బోధనాసుపత్రి తీసుకున్నా రాత్రిపూట నడిచేది వీళ్ల చేతుల మీదే. ఈ మూడేళ్ల చదువులో వీళ్ల ఒళ్లు, మనసు ఏమైపోతున్నాయన్న ప్రశ్న కొన్నేళ్లుగా గట్టిగా వినబడుతోంది. దానికి జవాబుగా వెల్‌నెస్ కార్యక్రమాలు వచ్చాయి. యోగా తరగతి పెడుతున్నారు, ధ్యానం నేర్పిస్తున్నారు, ఒత్తిడిని తట్టుకోవడం మీద ఉపన్యాసాలు ఇప్పిస్తున్నారు, కౌన్సెలింగ్ సెల్ తెరుస్తున్నారు. వీటిలో ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలని నా అభిప్రాయం. ఆ డాక్టరు ఆ కార్యక్రమంలో కూర్చున్న గంటసేపు వార్డు ఎవరు చూస్తారు? దీనికి మనిషి పేరుతో సహా జవాబు ఉంటే ఆ కార్యక్రమం మేలు చేస్తుంది. లేకపోతే, అప్పటికే తలకు మించిన పనికి అది మరో పనిగా తోడవుతుంది.

ఆ పని ఎలా ఉంటుందో ముందు కాస్త దగ్గరగా చూద్దాం. ప్రభుత్వాసుపత్రిలో ఒక్కో యూనిట్‌కు వారంలో ఒక అడ్మిషన్ డే ఉంటుంది. ఆ రోజు కొత్తగా చేరే రోగులంతా ఆ యూనిట్ కిందికే వస్తారు. ఫస్టియర్ పీజీ పొద్దున్నే వార్డుకు చేరుకోవాలి. చీఫ్ రౌండ్స్‌కు వచ్చేలోపు మంచం మంచానికీ తిరిగి రక్తం శాంపిళ్లు తీయాలి. ట్యూబు మీద అంటించడానికి లేబుల్ లేకపోతే ప్లాస్టర్ ముక్క చించి దానిమీద పేరు, ఐపీ నంబరు రాయాలి. నిన్నటి రిపోర్టులు ల్యాబ్ నుంచి తెచ్చి కేస్ షీట్లలోకి ఎక్కించాలి. ఏప్రాన్ జేబులో నాలుగు ట్యూబులు, చేతిలో బ్లడ్ బ్యాంక్ ఫారం, చెవి దగ్గర ఫోను. స్కానింగ్‌కు తీసుకెళ్లాల్సిన రోగి ఉంటాడు, స్ట్రెచర్ తోసే మనిషి దొరకడు, రోగి బంధువు ఒకవైపు, డాక్టరు ఇంకోవైపు పట్టుకుని తోస్తారు. మధ్యాహ్నం నుంచి కొత్త అడ్మిషన్లు. రాత్రంతా అవే. తెల్లవారితే డ్యూటీ అయిపోదు. రాత్రి చేరినవాళ్లందరి వివరాలూ రౌండ్స్‌లో చెప్పాలి, డిశ్చార్జి సమ్మరీలు రాయాలి, సాయంత్రం దాకా మామూలు పని ఉండనే ఉంది. అలా ముప్ఫై ఆరు గంటలు దాటిపోతాయి. ఈ గంటల్లో పడుకోవడానికి ఒక మంచం, తలుపు గడియ పడే గది చాలా చోట్ల లేవు. 2024 ఆగస్టు 9న కలకత్తా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో దారుణానికి బలైన పీజీ డాక్టరు సుదీర్ఘమైన డ్యూటీ మధ్యలో కాసేపు నడుం వాల్చడానికి వెళ్లింది సెమినార్ హాల్లోకి. ఆ ఘటన తర్వాత సుప్రీంకోర్టు స్వయంగా కేసు చేపట్టి, డాక్టర్లకు విశ్రాంతి గదులు లేకపోవడాన్నీ, 36 గంటల షిఫ్టులనూ ప్రస్తావించింది.

ఇది ఒకటి రెండు ఆసుపత్రుల కథ కాదని చెప్పడానికి లెక్కలున్నాయి. జాతీయ వైద్య కమిషన్, అంటే ఎన్ఎంసీ, వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద నియమించిన టాస్క్‌ఫోర్స్ 2024లో నివేదిక ఇచ్చింది. ఆన్‌లైన్ సర్వేలో 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు, 5,337 మంది పీజీలు పాల్గొన్నారు. పీజీల్లో 45 శాతం మంది వారానికి 60 గంటలకు పైగా పనిచేస్తున్నామన్నారు. 56 శాతం మంది వారాంతపు సెలవు సక్రమంగా దొరకడం లేదన్నారు. 31 శాతం మందికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. ఇష్టపడి జవాబు చెప్పినవాళ్ల సర్వే కాబట్టి ఇబ్బందుల్లో ఉన్నవాళ్లే ఎక్కువగా స్పందించి ఉండొచ్చని ఎవరైనా అంటే కాదనను. కానీ సమాచార హక్కు కింద అదే కమిషన్ ఇచ్చిన లెక్క ఒకటి ఉంది. అంతకుముందు ఐదేళ్లలో 122 మంది వైద్య విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు, వారిలో 58 మంది పీజీలు. అదే కాలంలో చదువు మధ్యలో వదిలేసినవాళ్లు 1,270 మంది. అందులో ఎంబీబీఎస్ వాళ్లు 153 మందే, మిగతా 1,117 మందీ పీజీలు. వాళ్లందరూ ఒకే కారణంతో వదిలేశారని అనడం లేదు. కోరుకున్న సీటు కోసం మానేసినవాళ్లూ ఉంటారు. అయినా, ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు చదివి సాధించిన పీజీ సీటు, అదీ వదిలితే లక్షల్లో బాండు సొమ్ము కట్టాల్సి వచ్చే సీటు, ఇంతమంది వదులుకున్నారంటే లోపల ఏదో సరిగా లేదనే అర్థం.

మరి దీనికి చట్టం, నిబంధన లేవా? ఉన్నాయి. రెసిడెంట్ డాక్టర్లు ఒక విడతలో 12 గంటలకు మించి, మామూలుగా వారానికి 48 గంటలకు మించి పనిచేయకూడదని, వారానికో రోజు సెలవు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 1992లోనే చెప్పింది. అవసరాన్ని బట్టి సడలించుకోవచ్చన్న మాట కూడా అందులోనే ఉంది. ముప్ఫై ఏళ్లుగా అమలైంది ఆ సడలింపే. ఆ తర్వాత 2023 డిసెంబరు చివర ఎన్ఎంసీ కొత్త పీజీ నిబంధనలు తెచ్చింది. ఏడాదికి 20 క్యాజువల్ లీవులు, వారానికో సెలవు అని స్పష్టంగా రాసింది, సంతోషమే. పనిగంటల దగ్గరికి వచ్చేసరికి మాత్రం సహేతుకమైన పనిగంటలు, సహేతుకమైన విశ్రాంతి అని ఊరుకుంది. 1992 కాగితంలో అంకె ఉంది, 2023 కాగితంలో విశేషణం ఉంది. అంకెను మీరితే పట్టుకోవచ్చు, ఫిర్యాదు చేయొచ్చు. విశేషణాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చెప్పుకుంటారు. టాస్క్‌ఫోర్స్ సిఫారసులో మళ్లీ అంకె వచ్చింది. వారానికి 74 గంటలు మించవద్దని, రోజుకు ఏడెనిమిది గంటల నిద్ర ఉండాలని అది సూచించింది. మన మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే బస్సు డ్రైవరుకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. బస్సులో యాభై మంది ప్రాణాలు డ్రైవరు చేతిలో ఉంటాయని ఆ చట్టం చేసినవాళ్లు గుర్తించారు. వార్డులో ఉన్న యాభై మంది గురించి కూడా అంతే గట్టిగా ఆలోచించాలి కదా.

నిద్ర లేకపోవడం వల్ల ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు, కొలిచి చూశారు. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చేతికీ కంటికీ ఉండే పొందిక, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి దిగుతుందని, 24 గంటలకు అది సుమారు 0.10 శాతం మద్యంతో సమానమవుతుందని డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లో నేచర్ పత్రికలో చూపించారు. మన దేశంలో వాహనం నడపడానికి చట్టం ఒప్పుకునే హద్దు 0.03 శాతం. అంటే రాత్రంతా డ్యూటీ చేసిన డాక్టరుకు మర్నాడు పొద్దున బండి తాళం ఇవ్వడానికి కూడా వెనకాడాలి. ఇది మాటవరసకు అన్నది కాదు. 24 గంటలు దాటిన షిఫ్టు చేసి ఇంటికెళ్తున్న ఇంటర్న్‌లకు రోడ్డు ప్రమాదం జరిగే అవకాశం రెట్టింపు కంటే ఎక్కువని అమెరికాలో 2005లో తేలింది. అంతకుముందు ఏడాది, 2004లో, బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి ఐసీయూలో ఇంటర్న్‌లను రెండు రకాల డ్యూటీ పట్టికల్లో ఉంచి చూశారు. పాత పద్ధతి సుదీర్ఘ షిఫ్టుల్లో తీవ్రమైన వైద్య పొరపాట్లు 36 శాతం ఎక్కువగా జరిగాయి. కాబట్టి డాక్టరు క్షేమం, రోగి క్షేమం అని రెండు వేరు వేరు పద్దులు లేవు. ఇవాళ నేను మాట్లాడుతున్నది జూనియర్ డాక్టర్ల సౌఖ్యం గురించే అని ఎవరైనా అనుకుంటే, వాళ్లు ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు రాస్తారన్నది మన నాన్నకో అమ్మకో సంబంధించిన సంగతని గుర్తుచేస్తాను.

ఇక అసలు వాదానికి వస్తాను. వెల్‌నెస్ కార్యక్రమాల వెనక, ఎవరూ పైకి అనకపోయినా, ఒక నమ్మకం ఉంటుంది. కుర్రవాళ్లు సున్నితంగా తయారయ్యారు, వాళ్లకు తట్టుకునే శక్తి నేర్పాలి అన్నది ఆ నమ్మకం. దీన్ని పరీక్షించడానికి మంచి ఆధారం ఉంది. అమెరికాలో శ్రీజన్ సేన్ బృందం ఇంటర్న్‌షిప్‌కు ముందూ, ఇంటర్న్‌షిప్ నడుస్తుండగానూ అదే మనుషులను అదే ప్రశ్నలతో పరీక్షించింది. 2010లో ప్రచురించిన ఫలితం ప్రకారం, చేరకముందు డిప్రెషన్ లక్షణాలున్నవాళ్లు 3.9 శాతం. చేరాక ఆ ఏడాది సగటున 25.7 శాతం. మనుషులు మారలేదు, వాళ్ల చదువు మారలేదు. మారింది డ్యూటీ. అదే పరిశోధన ఏళ్ల తరబడి కొనసాగి, 2022లో పనిగంటల లెక్క కూడా ఇచ్చింది. వారానికి 40 నుంచి 45 గంటలు చేసినవాళ్లలో డిప్రెషన్ స్కోరు సగటున 1.8 పెరిగితే, 90 గంటలు దాటినవాళ్లలో 5.2 పెరిగింది. గంట పెరిగిన కొద్దీ స్కోరు పెరుగుతోంది. జబ్బు డ్యూటీ పట్టికలో ఉంటే మందు మనిషికి వేస్తే ఎలా తగ్గుతుంది? వైద్యంలో ఈ తర్కం అందరికీ తెలుసు. ఊళ్లో బావి నీళ్ల వల్ల కలరా వస్తుంటే ఇంటింటికీ ఓఆర్ఎస్ ఇవ్వాల్సిందే, దాంతో పాటు బావినీ బాగుచేయాలి.

అయితే యోగా, ధ్యానం, కౌన్సెలింగ్ దండగేనా? అలా అనను, ఆధారాలూ అలా అనడం లేదు. డాక్టర్ల అలసట తగ్గించడానికి చేసిన ప్రయత్నాలపై 2017లో వచ్చిన ఒక సమగ్ర సమీక్షలో, వ్యక్తికి నేర్పే పద్ధతుల వల్ల కొద్దిపాటి మేలు, పనితీరునే మార్చే సంస్థాగత చర్యల వల్ల అంతకంటే ఎక్కువ మేలు కనిపించాయి. బ్రిటన్‌లో 46,336 మంది ఉద్యోగుల సమాచారాన్ని పరిశీలించి ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యక్తిగత వెల్‌నెస్ కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్లకీ పాల్గొననివాళ్లకీ దాదాపు తేడా కనబడలేదు. వీటికి భిన్నంగా నాకు బాగా నచ్చిన ప్రయోగం అమెరికాలోని మేయో క్లినిక్‌ది, 2014లో వెలువడింది. 74 మంది డాక్టర్లు. వాళ్లలో సగం మందిని చిన్న చిన్న బృందాలుగా రెండు వారాలకొకసారి గంటసేపు కూర్చోబెట్టి, పనిలోని కష్టసుఖాలు మాట్లాడుకోనిచ్చారు. తొమ్మిది నెలలు సాగింది. పనిపట్ల ఆసక్తి పెరిగింది, రోగుల పట్ల మొద్దుబారినతనం తగ్గింది, కార్యక్రమం ముగిసిన ఏడాది తర్వాత కూడా ఆ ఫలితం నిలిచింది. ఇందులో విశేషం మాటల్లో లేదు. ఆ గంటకు ఆసుపత్రి డబ్బు కట్టింది. డాక్టరు తన నిద్రలోంచో, భోజనంలోంచో ఆ గంట తీసి ఇవ్వలేదు. రెండో సగానికి కూడా అదే గంట ఖాళీగా ఇచ్చారు, వాళ్లు దాన్ని మామూలు ఆఫీసు పనికే వాడుకున్నారు, వాళ్లలో ఆ మేలు కనబడలేదు. అంటే గంట ఖాళీ దొరకాలి, ఆ గంటలో పనికొచ్చే మాట జరగాలి, రెండూ కావాలి. మేయోలో వాళ్లు అప్పటికే స్థిరపడిన డాక్టర్లు, రెసిడెంట్లు కారు. రెసిడెంటు విషయంలో ఆ గంట సంపాదించడం ఇంకా కష్టం, అందుకే ఇంకా అవసరం.

పనిగంటలు తగ్గిస్తే చాలా మరి? ఇక్కడ నా వైపు వాదించేవాళ్లు కూడా తొందరపడతారు. అమెరికాలో 1984 మార్చిలో లిబీ జియాన్ అనే 18 ఏళ్ల అమ్మాయి న్యూయార్క్ ఆసుపత్రిలో చేరిన కొద్ది గంటల్లోనే చనిపోయింది. ఆ రాత్రి ఆమెను చూసింది సుదీర్ఘ షిఫ్టుల్లో ఉన్న రెసిడెంట్లు, పైవాళ్ల పర్యవేక్షణ ఫోనులోనే. తండ్రి పోరాటం ఫలితంగా 1989లో న్యూయార్క్ రాష్ట్రం వారానికి 80 గంటల హద్దు పెట్టింది, 2003 నుంచి దేశమంతటికీ అది వచ్చింది. ఆ తర్వాత షిఫ్టు నిడివి తగ్గించే ప్రయోగాలు జరిగాయి. 2020లో ఆరు పిల్లల ఐసీయూల ఫలితాలు వెలువడ్డాయి. పొడవాటి షిఫ్టులు ఎత్తేసిన చోట పొరపాట్లు తగ్గుతాయని ఆశించారు, పెరిగాయి. ఎందుకని లోతుగా చూస్తే, షిఫ్టు కుదించారు గానీ ఒక్కో రెసిడెంటు చూడాల్సిన రోగుల సంఖ్య పెరిగిపోయింది. రోగుల సంఖ్యను లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా పోయింది. నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో ఇంతకంటే విలువైన పాఠం లేదు. గంటలు తగ్గించి చేతులు పెంచకపోతే, 36 గంటల పని 24 గంటల్లోకి కుక్కినట్టవుతుంది. మన దగ్గర దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2021లో నీట్ పీజీ పరీక్ష వాయిదా పడి, కౌన్సెలింగ్ కోర్టు కేసుల్లో చిక్కుకుని 2022 జనవరి దాకా జరగలేదు. ఫస్టియర్ బ్యాచ్ రాలేదు. గంటల నిబంధన ఏదీ మారకుండానే, మూడు బ్యాచ్‌ల పని రెండు బ్యాచ్‌లే మోశాయి. జూడాలు రోడ్డెక్కింది అందుకే.

ఇప్పుడు అభ్యంతరాలు విందాం. మొదటిది సీనియర్ ప్రొఫెసర్లది, తేలిగ్గా తీసేయదగింది కాదు. డాక్టరు మారిన ప్రతిసారీ రోగి సమాచారం కొంత జారిపోతుంది, కాబట్టి ఒకే డాక్టరు ఎక్కువసేపు ఉండడమే రోగికి మంచిదంటారు. అమెరికాలో 117 సర్జరీ శిక్షణ కేంద్రాల్లో, ఆ తర్వాత 63 జనరల్ మెడిసిన్ కేంద్రాల్లో జరిగిన రెండు పెద్ద ప్రయోగాలు వీళ్ల వాదానికి బలమిస్తాయి. షిఫ్టు నిడివి సడలించినా రోగులకు అదనపు హాని జరగలేదని అవి చెప్పాయి. నిజమే. కానీ ఆ ప్రయోగాల్లో రెండు పక్షాలూ వారానికి 80 గంటల హద్దు లోపలే ఉన్నాయి, సగటున వారానికో రోజు పూర్తి సెలవు ఇరువైపులా ఉంది. ఆ హద్దే లేని చోట ఆ ఫలితాన్ని చూపించి 36 గంటల డ్యూటీని సమర్థించడం కుదరదు. పైగా డ్యూటీ అప్పగించడం అనేది నేర్పదగిన విద్య. తొమ్మిది పిల్లల ఆసుపత్రుల్లో ఐ-పాస్ అనే క్రమపద్ధతిలో అప్పగింతలు నేర్పితే వైద్య పొరపాట్లు 23 శాతం తగ్గాయని 2014లో తేలింది. వరండాలో నడుస్తూ, ఫోనులో రెండు ముక్కలు చెప్పేసి అప్పగించడం ఆపి, పదిహేను నిమిషాలు కూర్చుని మంచం మంచానికీ చెప్పుకోవడం అలవాటైతే ఈ అభ్యంతరం చాలావరకు తీరుతుంది.

రెండోది నైపుణ్యం గురించి. గంటలు తగ్గితే సర్జన్ చేతికి ఆపరేషన్లు తక్కువొస్తాయి, మూడేళ్లలో పని రాదు అంటారు. ఇందులో సత్యం ఉంది. యూరప్‌లో 2009 నుంచి శిక్షణలో ఉన్న డాక్టర్లకు కూడా 48 గంటల హద్దు వర్తిస్తోంది, అక్కడి సర్జన్లు ఈ ఫిర్యాదు గట్టిగానే చేశారు. సర్జరీ లాంటి శాఖలకు 48 గంటలు చాలవేమో, దాన్ని నేను పట్టుబట్టను. కానీ ఉన్న గంటల్లో నేర్చుకోవడానికి పోయేవి ఎన్ని? ఇందాక చెప్పుకున్న అడ్మిషన్ డేను మళ్లీ తిరగేయండి. ప్లాస్టర్ మీద పేరు రాయడం, ట్యూబులు మోయడం, రిపోర్టుల కోసం ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడడం, స్ట్రెచర్ తోయడం, ఒకే వివరం మూడు రిజిస్టర్లలో రాయడం. వీటిలో ఏది ఎండీ పరీక్షలో అడుగుతారు? ముందు ఈ గంటలు తీసేయండి. ఆపరేషన్ థియేటర్ గంటలు, రోగి పక్కన పాఠం చెప్పే గంటలు ముట్టుకోకండి. అప్పుడు శిక్షణ పెరిగి, పని తగ్గుతుంది. ఒక ల్యాబ్ టెక్నీషియన్, ఇద్దరు వార్డు సిబ్బంది, ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్, వీళ్లు ఒక యూనిట్‌లో రాత్రంతా ఉంటే, ఆ యూనిట్ పీజీలకు దాన్ని మించిన వెల్‌నెస్ కార్యక్రమం లేదు.

మేమూ ఇలాగే చదివాం, మాకేం కాలేదు అన్నది మూడో మాట. ఆ తరం పెద్దల కష్టం నిజం, దాన్ని గౌరవిస్తాను. అయితే ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో కూడా తెలుసుకోవాలి. రెసిడెన్సీకి రూపం ఇచ్చింది అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి సర్జన్ విలియం హాల్‌స్టెడ్, 1889 ప్రాంతంలో. డాక్టరు ఆసుపత్రిలోనే నివసించాలి, ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాలి, రెసిడెంట్ అన్న పేరు అలా వచ్చిందే. హాల్‌స్టెడ్ గొప్ప సర్జన్. కొకైన్‌ను స్థానిక మత్తుమందుగా తన మీదే ప్రయోగించుకుని దానికి, తర్వాత మార్ఫిన్‌కు అలవాటుపడ్డవాడు కూడా. ఆయన్ని నిందించడానికి ఇది చెప్పడం లేదు. నిద్రను పట్టించుకోని ఈ ప్రమాణం ఆరోగ్యవంతుల దినచర్య నుంచి పుట్టలేదని చెప్పడానికి చెబుతున్నాను. ఏం కాలేదు అన్న మాటలో, ఏమైనా అయినవాళ్లు లెక్కలోకి రారు. వాళ్లు ప్రొఫెసర్లై వచ్చి చెప్పడానికి మిగల్లేదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం పేద రోగి తరఫున వస్తుంది. ఉన్న డాక్టర్లే తక్కువ, వాళ్లనూ ఇంటికి పంపితే ప్రభుత్వాసుపత్రికి వచ్చే కూలిమనిషిని ఎవరు చూస్తారు? ఈ ప్రశ్న అడిగేవాళ్ల మనసులో న్యాయం ఉంది. కానీ ఆ ప్రశ్నకు ఇన్నేళ్లుగా దొరుకుతున్న జవాబు ఏమిటో గమనించండి. ఖాళీ పోస్టు భర్తీ చేయడానికి జీతం కావాలి, ఆర్థికశాఖ అనుమతి కావాలి, నోటిఫికేషన్ కావాలి. పీజీని ఇంకో పన్నెండు గంటలు ఉంచడానికి ఏదీ అక్కర్లేదు, నోటిమాట చాలు. పని చేయించుకునేటప్పుడు ఆయన డాక్టరు, హక్కు అడిగినప్పుడు విద్యార్థి. ఇచ్చేది జీతం కాదు, స్టైపెండు. అదీ నెలనెలా అందక 2024 జూన్‌లో తెలంగాణ జూడాలు సమ్మెకు దిగాల్సి వచ్చింది. ఆ సమ్మె కోర్కెల్లో స్టైపెండుతో పాటు హాస్టళ్లు, భద్రత, ఉస్మానియాకు కొత్త భవనం ఉన్నాయి. నేనైతే ఆ జాబితానే అసలైన వెల్‌నెస్ పత్రం అంటాను. పేద రోగి పేరు చెప్పి అలసిన డాక్టరుకు ఆ రోగిని అప్పగించడం పేదవాడికి మేలు చేసినట్టు కాదు. డబ్బున్న రోగి రాత్రి నిద్రపోయి వచ్చిన డాక్టరు దగ్గరికి వెళ్లగలడు, లేనివాడికి ఆ ఎంపిక లేదు.

కౌన్సెలింగ్ గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే పట్టిక ఎంత బాగున్నా కొందరికి మనసు కుంగుతుంది, వాళ్లకు సాయం కావాలి. మన కాలేజీల్లో కౌన్సెలింగ్ సెల్ అంటే చాలాచోట్ల అదే కాలేజీ సైకియాట్రీ విభాగం. అక్కడి ప్రొఫెసరు రేపు ఆ పీజీ థీసిస్ గైడ్‌తో పక్కపక్కన కూర్చుని టీ తాగే మనిషి. పీజీ అక్కడికి ఎలా వెళ్తారు? వెళ్తే కేస్ షీట్ తయారవుతుంది, నలుగురికీ తెలుస్తుంది, పరీక్షల్లో మార్కులు వేసేవాళ్ల చెవిన పడుతుందన్న భయం ఉంటుంది. అమెరికాలో ఒరెగాన్ హెల్త్ అండ్ సైన్స్ యూనివర్సిటీ 2004లో మొదలుపెట్టిన కార్యక్రమంలో కౌన్సెలింగ్ ఉచితం, వివరాలు బయటికి పోవు. ఇంకొన్ని చోట్ల మొదటి ఏడాది అందరికీ ఒక అపాయింట్‌మెంట్ ముందే వేసి ఉంచుతారు, వద్దనుకున్నవాళ్లు మానుకోవచ్చు. అందరూ వెళ్తారు కాబట్టి ఎవరి మీదా ముద్ర పడదు. ఇది మన వైద్య యూనివర్సిటీలు, విజయవాడ అయినా వరంగల్ అయినా, పెద్ద ఖర్చు లేకుండా చేయగల పని. ఒకటే షరతు. ఆ అపాయింట్‌మెంట్ డ్యూటీ పట్టికలో రాసి ఉండాలి, దాని పక్కనే ఆ గంట వార్డు చూసే మనిషి పేరు ఉండాలి.

వైద్య విద్య అధికారులకు, సూపరింటెండెంట్లకు, విభాగాధిపతులకు నా విన్నపం కూడా అక్కడే ఉంది. వచ్చే నెల డ్యూటీ పట్టిక మీ సంతకం కోసం వచ్చినప్పుడు మూడు సంగతులు చూసి సంతకం చేయండి. ప్రతి పీజీ పేరుకు ఎదురుగా వారానికో ఖాళీ గడి ఉందా, రాత్రి డ్యూటీ చేసినవాళ్ల పేరు మర్నాడు మధ్యాహ్నం ఓపీలో మళ్లీ కనబడుతోందా, ఆ నెల వేసిన గంటలు ఎవరైనా కూడి చూశారా. ఆ కూడిక నోటీసు బోర్డులో పెట్టండి. యోగా తరగతి ఆ తర్వాత పెట్టండి, అప్పుడు పిల్లలు వస్తారు.

ఈ ప్రసంగం వింటున్నవారిలో పీజీ చదివే పిల్లల తల్లిదండ్రులుంటారు. ఫోన్ చేసినప్పుడు తిన్నావా అని ఎలాగూ అడుగుతారు. ఎన్ని గంటలు పడుకున్నావు, ఈ వారం ఆఫ్ ఏ రోజు వచ్చింది అని కూడా అడగండి. సీటు పోతుందనో బాండు సొమ్ము కట్టాలనో ముందే అనకండి, ముందు చెప్పేది వినండి. డ్యూటీ రూంలో ఈ మాటలు వింటున్న పీజీ ఎవరైనా ఉంటే, మనసు బాగోలేనప్పుడు మీ కాలేజీతో సంబంధం లేకుండా మాట్లాడడానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ ఉంది. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. నంబరు 14416. మరోసారి చెబుతున్నాను, 1, 4, 4, 1, 6.